మిగిలిన తొమ్మిదేళ్ళు

మురుగేశ్‌పాళ్యలో రాత్రి పదకొండు.
పాలవాడి పద్దు రాసుకునే పుస్తకంలో
నడిమికి ఒక గీత గీశాను.
ఎడమ పక్క బెంగళూరు, కుడి పక్క చెన్నై.
పొద్దంతా ఆడిటరు దగ్గర ఊళ్ళోవాళ్ళ పన్నులు కూడి వచ్చినదాన్ని,
మా ఇంటి కూడికకు మాత్రం వేళ్ళు మొరాయిస్తున్నాయి.

సుధీంద్రను వాళ్ళ కంపెనీ అంబత్తూరు రమ్మంది.
జీతం అంతే. హోదాలో ఒక మాట ఎక్కువ.
"అక్కడైతే పన్ను కలిసొస్తుందటగా" అన్నాడు.
క్యాంటీన్లో ఎవరో చెప్పారట.

నిజమే. ఈ ఏటి పన్ను పుస్తకంలో
చెన్నై మహానగరం, బెంగళూరు కాదు.
సిల్క్ బోర్డు దగ్గర గంటంబావు నిలబడ్డవాళ్ళెవరూ
ఆ పుస్తకం రాసి ఉండరు.
ఇంటద్దె మినహాయింపు అక్కడ మూలవేతనంలో సగం,
ఇక్కడ నూటికి నలభై.
పాత పద్ధతిలోనే ఉన్నాం గనక
ఏడాదికి ఇరవై రెండు వేల నాలుగు వందల అరవై నాలుగు మిగులు.
కింద రెండు గీతలు కొట్టాక గుర్తొచ్చింది:
అంతా దక్కాలంటే అద్దె ముప్పై ఆరు వేలకు పెరగాలి.
ఇప్పుడు కడుతున్నది ముప్పై ఒకటి.
అరవై వేలు పారబోస్తే
ఇరవై రెండు వేలు ఏరుకోవచ్చు.

ఆపైన ఏసీ.
ఇక్కడ ఫ్యాను రెండులో పెడితేనే దుప్పటి వెతుక్కుంటాం.
నీళ్ళ లారీ అక్కడా ఉంది, ఇక్కడా ఉంది, కొట్టేశాను.
సముద్రం ఉచితం అని రాశాను.
అంబత్తూరు నుంచి ఆటో ఎంతవుతుందో చూసి
అదీ కొట్టేశాను.

స్కూటరుది వేరే పేజీ.
కొన్ననాడే దానికి జీవితకాలం పన్ను కట్టాం.
బండి జీవితం పదిహేనేళ్ళని సర్కారు లెక్క;
ఆరు గడిచాయి.
సరిహద్దు దాటిస్తే, అర్జీ పెట్టుకుంటే,
మిగిలిన తొమ్మిదేళ్ళకూ ఇక్కడివాళ్ళు ఎంతో కొంత వాపసిస్తారు,
అక్కడివాళ్ళు మళ్ళీ కట్టించుకుంటారు.
హోసూరు చేరగానే కొత్త జీవితమన్నమాట,
సీటు చిరుగు మాత్రం పాతదే.

గగనకు రెండో తరగతి.
కన్నడం ఇప్పుడిప్పుడే పట్టుబడి
నా పేరు తెలుగులో రాయమంటే కన్నడ తలకట్టు పెడుతోంది.
నేను దిద్దను, చదవడానికేం అడ్డం రాదు.
తమిళంలో క ఖ గ ఘ లకు ఒకటే అక్షరం.
పొదుపంటే అదీ!
కానీ మా పిల్ల అక్కడి హాజరు పట్టీలో
కకనగా ఎక్కాలి.
దీన్ని ఏ పద్దు కింద రాయను?

చివరి వరుస: బడి వదిలాక పిల్లను చూసుకునేందుకు.
కుడి పక్క, నెలకు ఎనిమిది వేల ఐదు వందలు.
ఎడమ పక్క, సున్నా.

ఆ సున్నా దగ్గర పెన్ను ఆగింది.
కింది వాటాలో జయశీలమ్మ.
రాగిరొట్టె పెట్టి, జడ వేసి, ఎక్కాలు అప్పజెప్పించుకుని
నేను ఏడింటికి వచ్చేదాకా.
నాలుగేళ్ళు.
ఎంతివ్వమంటారని ఒక్కసారీ అడగలేదు;
తిడుతుందని కాదు, అడగాలని తోచక.
ఆఫీసులో దీన్ని
లెక్క చూపని ఆదాయం అంటాం.
ఎప్పుడో ఒకప్పుడు నోటీసు వస్తుంది.

"ఎంత తేలింది?" గోడవైపు తిరిగే అడిగాడు సుధీంద్ర.
"ఏం తేలలేదు. ఒక బాకీ బయటపడింది."

వాన మొదలైంది.
స్కూటరుకి కవరు వెయ్యలేదని గుర్తొచ్చి లేచేలోపు
కింద గొళ్ళెం తీసిన చప్పుడు,
తడిలో చెప్పుల చప్పుడు,
ప్లాస్టిక్కు పరపర.
జయశీలమ్మ, ఈ వేళప్పుడు,
కన్నడంలో ఎవరినో తిట్టుకుంటూ.
ఎవరినో ఏముంది,
మమ్మల్నే.